ఘాటీ దిగవద్దన్న బొమ్మ

ఒక మాటను మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళు బతికాను. చెప్పడానికి మనిషి దొరకలేదని నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. మనిషి ఉంది. బస్సెక్కితే పూట తిరక్కుండా చేరే ఊళ్ళోనే ఉంది. ఆవిడ మొహం చూసి చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అలాగే ఉండనివ్వండి.

నేను ఆసుపత్రిలో పురుళ్ళు పోసే నర్సును. రాయగడలో కొంతకాలం చేశాను, ఇప్పుడు కొరాపుట్‌లో చేస్తున్నాను. బొయిపరిగుడ నుంచి, కుందుర నుంచి బండ్లు కట్టుకుని నా కోసం వస్తారు. నీ చేయి చల్లనిది తల్లీ అంటారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. మెచ్చుకున్నవాళ్ళ మీదే విసుక్కుంటాను. వాళ్ళకేం తెలుసు? ఈ ఉద్యోగం నాది కాదు. పైడమ్మది.

జయపురంలో మా ఇల్లూ పైడమ్మ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. తాతల నాడు సాలూరు వైపు నుంచి కొండెక్కి వచ్చిన కుటుంబాలు మావి. మా నాన్న వీధి దీపాల్లో కిరసనాయిలు పోసి వెలిగించేవాడు. వాళ్ళ నాన్న సంతలో కాపలా పని చేసేవాడు. ఇద్దరం ఒకే బడికి వెళ్ళాం. పైడమ్మ నాకంటే బాగా చదివేది. ఇది వినయంతో అంటున్న మాట కాదు, వినయం నాకు మొదటి నుంచీ తక్కువ. ఆవిడ ఒకసారి విన్నదాన్ని మళ్ళీ మరిచిపోయేది కాదు. నేను రాత్రి వల్లించిన పాఠం పొద్దున్నకు పోయేది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఒక దసరాకు ముందు, కొండ కింద దేశం నుంచి ఒక కంపెనీ వచ్చింది. ఊరి బయట మైదానం చుట్టూ తడికలు కట్టి లోపల వింతల తోట అని పెట్టింది. చేత్తో తిప్పే రంగుల రాట్నం, అద్దాల ఇల్లు, దెయ్యాల గుహ, నీళ్ళ తొట్టిలో చేపపిల్ల వేషం వేసిన ఆడమనిషి. అన్నిటికీ మించి, మాట్లాడే బొమ్మ తల. బల్ల మీద మెడ వరకే ఉన్న తల. మనుషులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది. దసరాకు జయపురం వచ్చిన కొండ ఊళ్ళ వాళ్ళంతా మొదట దాని దగ్గరికే వెళ్ళేవారు.

ఆ తలలో మాట్లాడింది నేను.

కంపెనీ యజమానికి ఒకటే బెంగ, తెర వెనక సంగతి జనం కంట పడకూడదని. దెయ్యం బీడీ కాలుస్తుండగా చూసినవాడు మళ్ళీ టిక్కెట్టు కొనడనేవాడు. అందుకని మైదానం అడుగున, ఈ మూల నుంచి ఆ మూలకు, మనిషి వంగి నడిచేటంత గొయ్యి తవ్వించాడు. పైన కర్రలు పరిచి, తడికలు వేసి, మట్టి కప్పి, పేడతో అలికించాడు. జనం మా నెత్తిన నడుస్తూ పకోడీలు తినేవారు. మేం అడుగున తిరిగేవాళ్ళం. దెయ్యాలు, రాట్నం తిప్పేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, అందరికీ అదే దారి. చేపపిల్ల వేషం ఆవిడ తడి తోకను భుజాన వేసుకుని, జరుగు జరుగు అని నన్ను తోసుకుంటూ పోయేది. వాన పడితే ఎర్రమట్టి కారి మెడలో పడేది. ఆ సొరంగం అంటే నాకు అసహ్యం. దీపం పొగ, చెమట కంపు, ఎప్పుడూ వంగిన నడుం. పైన అంత వెలుగు, అన్ని నవ్వులు. అవి తయారు చేసేవాళ్ళకు మాత్రం నిలబడే చోటు కూడా లేదు.

బొమ్మ బల్ల కింద నేను కూర్చునే గుంట ఉండేది. అక్కడి నుంచి ఒక రేకు గొట్టం బొమ్మ మెడలోకి పోయేది. దానికి నోరు ఆనించి గొంతు లావు చేసి సాగదీస్తే నా మాట నాకే కొత్తగా వినపడేది. నన్నే ఎందుకు పెట్టారంటే నాకు తెలుగు, ఒడియా, కొండ ఊళ్ళ వాళ్ళ దేశియా మూడూ వచ్చు, సంతలో పెరిగినదాన్ని కదా. ఎవరి భాషలో అడిగితే బొమ్మ వాళ్ళ భాషలో చెప్పేది. జనం దానికే పడిపోయేవారు. గుమ్మం దగ్గర కిళ్ళీలు కట్టే మనిషి కూడా కంపెనీ వాడే. వచ్చినవాళ్ళను మాటల్లో పెట్టి కష్టం రాబట్టి, సొరంగం గుండా నాకు కబురు పంపేవాడు. అడక్కుండానే మన సంగతి బొమ్మకు తెలిసిందని జనం దండాలు పెట్టేవారు.

ఈ పని గురించి ఎవరికీ చెప్పబోమని కర్పూరం వెలిగించి మా అందరి చేతా ఒట్టు వేయించారు. ఇంట్లో ఆడవాళ్ళ వైపు టిక్కెట్లు చింపుతున్నానని చెప్పాను. పైడమ్మకూ అదే చెప్పాను.

యజమాని పెట్టిన ఇంకో కట్టడి ఉంది. బొమ్మ ఎవరికీ కాదని చెప్పకూడదు. పెళ్ళవుతుందా అంటే అవుతుంది. పోయిన ఎద్దు దొరుకుతుందా అంటే దొరుకుతుంది. సంతోషంగా బయటికి వెళ్ళినవాడు ఇంకో నలుగుర్ని తెస్తాడు. రోజంతా అవును, అవును, అవును. నా నోటికి ఆ ఒక్క మాటే అలవాటైపోయింది.

ఆ నెలలోనే ఊరి డాక్టరమ్మ మా వీధికి వచ్చింది. కొండ ఊళ్ళలో పురుళ్ళు పోయడానికి చదువు వచ్చిన ఆడపిల్ల కావాలి, ఘాటీ దారిన కొండ దిగి కింద పట్నంలో తర్ఫీదు ఇప్పిస్తాం, తిరిగి వచ్చాక ఉద్యోగం అంది. మా ఇద్దరి చేతా చదివించింది, రాయించింది. పైడమ్మను ఎంచుకుంది. ఆ పిల్ల రానంటే నిన్ను పంపుతానని నాతో అంది. నేను నవ్వి తలూపాను. ఇంటికి వచ్చి గోడకేసి తిరిగి ఏడ్చాను. ఏడుపు కాదు, కోపం. ఎవరి మీద? డాక్టరమ్మ మీదా, పైడమ్మ మీదా, నా మొద్దుబుర్ర మీదా? ఇప్పటికీ తెలియదు. పండగ వెళ్ళగానే మళ్ళీ ఏ గొయ్యిలో దూరాలో అన్న దిగులు మాత్రం నిజం.

పైడమ్మకు వెళ్ళాలని ఉంది, భయమూ ఉంది. ఎప్పుడూ ఘాటీ దిగని పిల్ల. దసరా ముందు రోజు, జనం పలచగా ఉన్న మధ్యాహ్నం, బొమ్మ దగ్గరికి వచ్చింది. కిళ్ళీల మనిషి కబురు పంపాల్సిన పని లేకపోయింది. గొంతు వినగానే తెలిసింది.

"సెప్పు తల్లీ," అంది బొమ్మతో. "నన్ను కింద పట్నం రమ్మంతన్నారు. ఎల్లొచ్చా?"

అవును అనాలి. నోటి చివర ఉన్న మాట అదే. నేను గొట్టానికి నోరు ఆనించి ఊరుకున్నాను.

"సెప్పవేటి తల్లీ," అంది మళ్ళీ.

"ఘాటీ దిగకు," అన్నాను. "దిగితే నీకు గండం. నీకు కొండే దిక్కు."

పైన గాజులు చప్పుడయ్యాయి, దండం పెట్టినట్టుంది. తర్వాత ఆవిడ మెల్లిగా, "అలగేనమ్మా," అంది. నా నెత్తి మీద అడుగులు గుమ్మం వైపు పోయాయి.

ముందే అనుకుని అన్నానా? లేదు. అనుకోకుండా వచ్చేసిందా? అలాగని కూడా చెప్పలేను, ఎందుకంటే ఆ మాట వెనక్కి తీసుకునే అవకాశం నాకు ఆ తర్వాత ఎన్ని రోజులుందో నాకు తెలుసు. పక్కింట్లోనే ఉంది. గోడ మీద తట్టి, ఒలే, ఆ బొమ్మ నేనే, నీతో పరాచికం ఆడాను అంటే సరిపోయేది. ఒట్టు అడ్డం వచ్చిందని చెప్పుకున్నాను. కర్పూరం ఒట్టుకు అంత విలువ ఇచ్చే మనిషినే అయితే ఆ గొట్టంలో ఆ మాట అనేదాన్నా? పండగ వెళ్ళాక పైడమ్మ రానంది, డాక్టరమ్మ నన్ను రమ్మంది. పైడమ్మే వచ్చి నా జడకు రిబ్బను కట్టి బస్సెక్కించింది. నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

తర్ఫీదు అయ్యి నేను తిరిగి వచ్చేసరికి ఆవిడకు పెళ్ళయింది. సంతల్లో మరమరాలు అమ్ముతోంది. పొట్లాలు కట్టే పాత కాగితాలు ముందు చదివి, తర్వాత కట్టేది. నాకు అది చూస్తే పిచ్చెక్కేది. తల్లి ఘాటీ కింద సాలూరులో చుట్టాలింట మంచం పట్టి కూతుర్ని చూడాలని కబురు పెట్టినా ఈ మనిషి ఘాటీ దిగలేదు. తల్లి పోయింది. ఇంత చదువుకున్నదానివి, ఒక బొమ్మ మాట పట్టుకుని కూర్చుంటావా అని తిట్టాను. ఎవరు ఎవర్ని తిడుతున్నారో చూడండి.

ఆవిడకు ఒక్కతే కూతురు. ఆ పిల్లను ఈ చేతులతోనే తీశాను. తల్లి బుర్రే వచ్చింది. ఈ మధ్యనే స్కూలు చదువు ముగించింది. నర్సు చదువుకు సీటు వచ్చింది, ఘాటీ కిందనే. తన గండం కూతురికీ ఉంటుందని పైడమ్మ పంపనంది.

నేను బస్సెక్కి జయపురం వెళ్ళాను. ఆ బొమ్మ ఉత్త మోసమని చెప్పాను. గొయ్యి సంగతి, గొట్టం సంగతి, కిళ్ళీల మనిషి సంగతి, అన్నీ చెప్పాను. ఒక్కటి తప్ప. ఆవిడ ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపింది.

"ఊరందరికీ అవుననే సెప్పినాది," అంది. "నాకొక్కదానికే కాదన్నాది. అబద్ధం బొమ్మయితే నాకూ అవుననే అనీది కదేటి?"

ఆవిడ తర్కంలో తప్పు లేదు. అందులో మోసం ఎక్కడుందో తెలిసిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే. కాదన్నది నేనే అని ఒక్క ముక్క అంటే ముడి విడిపోతుంది. నాలుక వరకు వచ్చింది. పిల్ల గడప దగ్గర కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. నర్సమ్మ పిన్ని అంటే దానికి దేవత. నాకు ఆ చూపు మీద ఆశ. అవును, ఈ వయసులో కూడా.

ఏం చేశానో చెబితే మీరు పుస్తకం మూసేస్తారేమో. ఇంకో అబద్ధం ఆడాను. దేశియా ఊళ్ళలో ముహూర్తాలు పెట్టి, దోషాలు తీసే పెద్దను దిశారి అంటారు. బొయిపరిగుడ దగ్గర నాకు తెలిసిన దిశారి ఒకాయన ఉన్నాడని, ఆయన చేత పిల్లకు గండం తీయించి వస్తానని చెప్పాను. రెండు రోజులు కొరాపుట్‌లో డ్యూటీ చేసుకుని, మూడో రోజు ఒక నల్ల దారం పట్టుకెళ్ళాను. ఆసుపత్రిలో కట్టు కట్టే దారాన్ని సిరాలో ముంచి ఆరబెట్టాను. పైడమ్మ దాన్ని కళ్ళకద్దుకుని కూతురి చేతికి కట్టింది.

పిల్ల వెళ్ళింది. బస్టాండుకు ముగ్గురం వెళ్ళాం. బస్సు మలుపు తిరిగేదాకా పైడమ్మ చేయి ఊపుతూనే ఉంది. నాకు లోపల కాస్త ఊపిరి ఆడింది. ఎలాగైతేనేం, పిల్ల వెళ్ళింది కదా అనుకున్నాను. సగం అప్పు తీరినట్టే కదా అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

అప్పుడు పైడమ్మ అడిగింది.

"ఒలే, ఆ దినాల్లోనే ఏ దిశారినేనా అడిగుంటే నా గండం కూడా తీసీవోడేటి?"

"ఏమోనే," అన్నాను.

"తీసీవోడే," అంది. "ఇంత సులువని నాకు తెల్దు. మాయమ్మని కడసారి సూసుకుందును. నువ్వు సదివిన సదువు నానూ సదువుకుందును. ఎవరినీ అడగనేదు, ఇంట్లో కూకున్నాను. బుద్ధి తక్కువదాన్ని. తప్పు నాదేనే."

ఇన్నేళ్ళూ ఆవిడ తన రాత అనుకుంది. రాత మీద నెపం వేసి కొంచెం నిబ్బరంగానే బతికింది. ఆ నిబ్బరం కూడా నేనే తీసేశాను. ఇప్పుడు తనను తాను తిట్టుకుంటోంది. నేను పక్కన నిలబడి, కాదే అనలేదు. నీ తప్పు కాదు అని కూడా అనలేదు. అంటే, మరి ఎవరిదని అడుగుతుంది. కొంగుతో మొహం తుడుచుకుని, టీ తాగుతావేటి అని ఆవిడే అడిగింది. తాగాను. డబ్బులు ఆవిడే ఇచ్చింది.

ఇదంతా చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీరిచ్చేది కాదు. పిల్ల సెలవులకు వచ్చినప్పుడు చెబుతానని నాకు నేను అనుకుంటున్నాను, కానీ నా అనుకోవడాల సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బస్టాండులో అనాల్సిన మాట ఒకటుంది. అక్కడ అనలేకపోయాను. తప్పు నీది కాదు పైడమ్మా. ఘాటీ దిగవద్దన్నది నేను. నీకు వచ్చిన అవకాశం నాకు కావాలని అన్నాను.

రాశాను. చదువుకుంటే ఇంత చిన్న మాట. కాసేపైనా గొంతు ఖాళీగా ఉంది.