సూది మొన

అత్తగారి పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. కుట్టుమిషన్ దగ్గర ఆమె మాటైనా, నవ్వైనా పళ్ల సందుల్లోంచే. ఆ ఉదయం ఆమె కూతురిని ఇంటర్వ్యూకి తీసుకెళ్తున్న అల్లుడి బండి వీధి మలుపులో ఆగిపోయింది. వెనక్కి ఇంటిదాకా తోసుకొచ్చి, ప్లగ్గు మార్చి, కిక్కు కొట్టి కొట్టి అతను చెమటలు కక్కుతున్నాడు. అత్తగారు మిషన్ దగ్గర్నుంచి లేచొచ్చి ట్యాంకు మూత చూసింది. నిన్న అతను మురిపెంగా పూసిన పాలిష్‌తో మూతకున్న సన్న చిల్లు పూడుకుపోయి ఉంది.

"నూనెడబ్బాకైనా గాలి పోయే చిల్లు లేకపోతే నూనె దిగదు, అల్లుడుగారూ," అంటూ భుజాన జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి ఆ చిల్లులో తిప్పింది. రెండో కిక్కుకే బండి గర్జించింది. వాళ్లిద్దరూ మలుపు తిరిగాక అత్తగారు గుండుసూదులన్నీ తీసి పక్కన పెట్టి, నోరారా నవ్వింది.