ఒక మీండు

సోమలింగం ఎవరి మాటనూ మొదటిసారే నమ్మడు. నీళ్ల ట్యాంకర్ వచ్చిందని పక్కగదివాళ్లు కేకేస్తే, బిందె తీసుకునే ముందు కిటికీలోంచి చూస్తాడు. కూరగాయలు కొంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి చూస్తాడు. బావమరిది రఘుపతి పండుగకు చొక్కా తెచ్చిస్తే, లోపలి వైపు తిప్పి చిరుగు వెతికాడు. భార్య జమున దీనికి నవ్వడం మానేసి చాలా కాలమైంది.

అతని తండ్రి సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి జోల్వాలో సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని ఆ ఇంట్లో ఎప్పుడూ సాంచా అనే అన్నారు. సోమలింగం ఐదో తరగతి దాకా తెలుగు బడిలో చదివి అదే పనిలో దిగాడు. గుజరాతీ చెవికి వచ్చింది గానీ నాలుకకు సగమే వచ్చింది. ఎక్కాలు మాత్రం ఇప్పటికీ తడబడకుండా చెప్తాడు, ఒకటో ఎక్కం నుంచి. సున్నా ఎక్కం ఏ పంతులూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నిరుడు యజమాని శేఠ్ కొత్త మగ్గం తెచ్చాడు. దానికి డిజైన్ అట్టల మీద ఉండదు, తెర మీద ఉంటుంది. పూల వరుస ఎన్నిసార్లు రావాలో అంకె కొడితే అన్నిసార్లు వస్తుంది, తర్వాత కొంగు వస్తుంది. పాత షెడ్డులో సాదా గుడ్డ నేసి విసిగినవాళ్లందరి కన్నూ దాని మీదే. అది పగలు సోమలింగానికీ రాత్రి రఘుపతికీ దక్కింది. తనకు పగటి పాళీ కావాలని రఘుపతి ఒకసారి నోరు జారాడు. సోమలింగం ఆ మాట మరిచిపోలేదు.

ఆ సాయంత్రం అతను శాంపిల్ కోసం ఎనిమిది వరుసల పూలు నేశాడు. శేఠ్‌కు నచ్చింది. ఇక నిండు చీరలు నేయాలి. శేఠ్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే తెర వైపు వేలు చూపి, ఏక్ మీండు చఢావీ దే అని వెళ్లిపోయాడు. మీండు అంటే సున్నా. అది సోమలింగానికి తెలుసు. ఎనిమిది చెరిపి సున్నా పెట్టాడు. లెక్క లేదు, ఆపమనేదాకా నడుపు అని కాబోలు అనుకున్నాడు. పాళీ మారే వేళ కావడంతో మగ్గం రఘుపతికి అప్పజెప్పి ఇంటికి వెళ్లాడు.

పొద్దున వచ్చేసరికి మగ్గం ఆగి ఉంది. సూపర్‌వైజర్ సదానందం గుడ్డను నేల మీద పరిచాడు. కొంగు. దాని తర్వాత కొంగు. మళ్లీ కొంగు. ఒక్క చీరకూ ఒళ్లు లేదు. కొంగు మాత్రమే కప్పుకునే ఆడోళ్లు ఏ ఊర్లో ఉన్నారో శేఠ్‌ను అడగండని ఎవరో అన్నారు. శేఠ్ మధ్యాహ్నం వస్తాడనీ, తప్పు చేసినవాడు ఈ మగ్గం దిగి పాత షెడ్డుకు పోవలసిందేననీ సదానందం చెప్పాడు.

సోమలింగం రఘుపతిని పక్కకు పిలిచాడు.

“అంకె ముట్టుకున్నవా?”

“నేనెందుకు ముడ్త బావా.”

“కొంగు మీద కొంగు వస్తుంటే నిద్రవోయినవా మరి?”

“ఓణీల ఆర్డరేమో అనుకున్న. నువ్వేమో చెప్పవు. నేనడిగితే అనుమానపడ్తవు. గందుకే అడగలే.”

ఆ జవాబు బాగానే ఉంది. బాగానే ఉంది కనుకే సోమలింగం నమ్మలేదు. ముట్టుకోకపోతే పూలు ఎక్కడికి పోతాయి? రుజువు చేసి తీరాలనుకొని మగ్గం ముందు నిలబడ్డాడు. మూడు కొట్టాడు. మూడు వరుసలు వచ్చి కొంగు మొదలైంది. ఆపాడు. రెండు కొట్టాడు. రెండు వరుసలు. ఒకటి కొడితే ఒక్క వరుస. మగ్గం అబద్ధమాడటం లేదు. ఇక తాను నిన్న పెట్టింది పెట్టి, ఆగకుండా వచ్చే పూలను సదానందానికి చూపిస్తే చాలు. సున్నా కొట్టాడు.

మగ్గం నేరుగా కొంగులోకి వెళ్లింది.

పోగు తెగలేదు. పువ్వు చెడలేదు. పూలను సున్నా సార్లు రమ్మన్నాడు, అవి సున్నా సార్లు వచ్చాయి. ఎనిమిది పక్కన కూర్చుంటే అదే సున్నా పూలను పదింతలు చేసేది. ఎనిమిది చోట్లో కూర్చుని అన్నింటినీ మింగింది. చఢావీ దే అంటే ఎక్కించమని. అతను మీండును విన్నాడు, ఎక్కించడాన్ని వినలేదు.

సున్నా పెట్టింది తానేనని సదానందానికి చెప్పాడు. శేఠ్ వచ్చాక ఆయనకూ చెప్పాడు. శేఠ్ అతన్ని ఎగాదిగా చూశాడు. లోకంలో ఎవరినీ నమ్మని మనిషి తప్పు తనదే అంటున్నాడు.

“సాలా హై నా తేరా,” అన్నాడు శేఠ్. బావమరిదిని కాపాడుతున్నాడని ఆయన లెక్క.

కావాలంటే మగ్గం నడిపి చూపిస్తానన్నాడు సోమలింగం. మగ్గం సున్నాను చూపిస్తుంది గానీ కొట్టిన వేలిని చూపించదన్నాడు శేఠ్. రఘుపతిని పాత షెడ్డుకు పొమ్మని చెప్పి కారెక్కాడు.

సోమలింగం తెర మీద ఎనిమిది కొట్టి, దాని పక్కన సున్నా కొట్టాడు. తన కత్తెర, టిఫిన్ డబ్బా తీసుకున్నాడు.

“బావా, పొమ్మన్నది నన్ను గదా.”

“నువ్వు నడుపు.”

పాత షెడ్డు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. రఘుపతి తెర ముందు నిలబడి ఉన్నాడు. మగ్గం వైపు, గుమ్మం వైపు మార్చి మార్చి చూశాడు. మీట మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు. తర్వాత అంకె చెరిపి, ఒక్కొక్కటిగా అవే రెండు అంకెలు తన చేత్తో కొట్టుకున్నాడు. మగ్గం కదిలింది.

తానైనా అదే చేసేవాడు. సోమలింగం లోపలికి వెళ్లాడు.