మడతలమ్మ ఎంచుకున్న పొయ్యి

కళ్ళు పూర్తిగా పోయిన ఏడాదే ఆమె వంటింటికి తాళం పడింది. వేసింది సొంత అన్నే. పొయ్యి పక్కన ఆరేసిన తువ్వాలు అంటుకుంది. ఆరేసింది వదిన, పొయ్యి వెలిగించింది ఈమె, మంట ఆర్పిందీ ఈమే. తువ్వాలు అక్కడెవరు పెట్టారని ఒక్కరూ అడగలేదు. నేరం కళ్ళ మీదికి పోయింది. అప్పటినుంచి గుక్కెడు నీళ్ళు కావాలన్నా గుమ్మం ఇవతల నిలబడి ఎవరో ఒకరిని పిలవాల్సి వచ్చింది.

అన్న చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే. కోపంతో వేసిన తాళాన్ని బద్దలు కొట్టొచ్చు. ప్రేమతో వేసిన తాళానికి చెవి అడగడమే తప్పయిపోతుంది.

ఆమె అడగలేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని వెతుక్కుంది. అన్నకే ఉన్న ఒంటిగది వాటా ఒకటి ఖాళీగా ఉంటే, అందరిలాగే అద్దె ఇస్తానని చెప్పి అందులో చేరింది. మూలన గ్యాస్ పొయ్యి పెట్టుకుని తన వంట తాను చేసుకుంది. లాండ్రీలో ఆమెకు 'మడతలమ్మ' అని పేరు. ఆమె మడిచిన దుప్పట్ల దొంతరకు గోడకు ఆనినట్టు ఆనుకోవచ్చని అక్కడివాళ్ళు అంటారు.

నేను ఆమెను మొదటిసారి చూసింది ఒక పెట్టె మోసుకుంటూ వెళ్ళినప్పుడు. గృహోపకరణాల దుకాణంలో నా పని అదే: సరుకు ఇంటికి చేర్చడం, పెట్టె విప్పడం, వాడే పద్ధతి చూపించడం. ఎలా వాడాలో ఊరందరికీ నేర్పుతాను. ఎలా కొనాలో నాకే ఇంకా ఎవరూ నేర్పలేదు.

ఆ వీధిలో గ్యాస్ పైపులు వేస్తున్నారు. గుమ్మాల ముందు గోతులు, గోతుల మీద చెక్కలు. ప్రతి వాటా వాళ్ళూ పైపు కావాలో వద్దో ఆ నెలలోనే చెప్పాలి. చెల్లెలి వాటాకు పైపు వద్దని అన్న తనంతట తానే చెప్పేసి, మా దుకాణంలో ఇండక్షన్ స్టవ్ కొన్నాడు. సిలిండర్ తీసేస్తాననీ, మంటే లేకపోతే ప్రమాదమే లేదనీ దారి పొడుగునా నాకు చెప్పాడు. ఆమెకు ఈ స్టవ్ చేతకాకపోతే ఏం చేస్తారని అడిగాను. అందుకూ ఏర్పాటు చేశాడట. రోజూ తన ఇంటినుంచి క్యారియర్ వస్తుంది.

స్టవ్ బల్ల మీద పెట్టి, ఇక్కడ నొక్కాలమ్మా అని ఆమె చేతిని అద్దం మీద ఉంచాను. ఆమె వేళ్ళు ఆ మూలనుంచి ఈ మూలకు మెల్లగా నడిచాయి. తగలడానికి అక్కడ ఏమీ లేదు. నడిచినంత మేరా స్టవ్ మాత్రం కూస్తూనే ఉంది. ఒకసారి వెలిగింది, ఒకసారి వేడి పెరిగింది, ఒకసారి పిల్లలు ముట్టకుండా పెట్టే తాళం పడింది. అన్నింటికీ ఒకటే కూత.

"నాయనా, ఎక్కడుందో వెతుకుతుంటేనే నొక్కేశానంటోందిది. చూడ్డానికీ చెయ్యడానికీ దీనికి తేడా తెలీదా?"

ఆ సరుకు ఎన్ని ఇళ్ళకు మోశానో, ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

"అలవాటవుతుందిలే. కాకపోతే మానెయ్. మీ వదిన పంపిస్తుంది, వేడివేడిగా తిను," అన్నాడు అన్న.

ఆమె చేతిని అద్దం మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతలో ఆయనకు ఫోను వచ్చి వీధిలోకి వెళ్ళాడు. ఆమె లేచి, పెట్టె మోసుకొచ్చావు, టీ తాగి వెళ్ళమంది.

ఆ టీ పెట్టడం నేను మరిచిపోలేను. ముందు ఒంటిని తడుముకుని, వేలాడే గుడ్డ ఏదీ లేదని చూసుకుంది. పొయ్యి చుట్టూ అరచేత్తో ఒకసారి సున్నా చుట్టింది. ఎడమచేతిలో లైటర్, కుడిచేయి నాబ్ మీద. టక్కుమని అంటుకోగానే తల కాస్త పక్కకు వంచింది. మంట పెద్దదిగా ఉంటే గోల చేస్తుందనీ, తగ్గిస్తే గొణుగుతుందనీ నాకు ఆ రోజే తెలిసింది. గిన్నె మీద చేయి చాచి, సెగ ఎంత ఎత్తుదాకా వస్తోందో తూచినట్టు చూసింది. తర్వాత పాలు పోసి నా చదువు గురించి అడగసాగింది. పుస్తకాలు నేనే కొనుక్కుని చదువుతానని ఏదో చెబుతున్నాను. నా మాట మధ్యలోనే ఆమె చేయి వెళ్ళి నాబ్ తిప్పేసింది. తొంగిచూశాను. పాలు అంచుదాకా వచ్చి, అక్కడే నిలబడి, మెల్లగా దిగిపోయాయి. పొంగే ముందు పాల చప్పుడు బరువెక్కుతుందట. నేను విన్నది నా గొంతు ఒక్కటే. నా గొంతూ పాల గొంతూ ఆమె ఒకేసారి విన్నది. గ్లాసు పట్టుకుని ఆ గిన్నె వంకే చూస్తూ కూర్చున్నాను.

నేను బయల్దేరుతుంటే, మీ కొట్లో పొయ్యిలన్నీ ముట్టుకోనిస్తారా అని అడిగింది. ముట్టుకోనివ్వడమేమిటి, రండి అన్నాను.

సెలవు రోజున వచ్చింది. వెంట లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ. ఆవిడ నోటికి మూత లేదు. మా మేనేజరు అద్దాల మీద వేలిముద్రలు పడతాయని చేతిగుడ్డతో వెనకే తిరుగుతుంటే, "పొయ్యిల కోసమొస్తే పోలీసులా వెంటబడతావేంటయ్యా," అని కసిరింది.

మడతలమ్మ వరస తప్పకుండా ఒక్కో పొయ్యి ముందూ ఆగింది. గ్యాస్‌వి, కరెంటువి, రెండూ కలిసినవి. ప్రతిదానికీ రెండే ప్రశ్నలు వేసింది. వెలిగిందని నాకెలా తెలుస్తుంది? ఆరిందని నాకెలా తెలుస్తుంది? గ్యాస్ పొయ్యిల దగ్గర ఆమెకు జవాబు వేళ్ళలోనే దొరికింది. కరెంటు పొయ్యిలన్నీ మళ్ళీ ఆ నున్నటి అద్దాలే.

మేనేజరు బేరం ఎటు పోతుందో పసిగట్టి, పైపు గ్యాసే మేలనీ, కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరనీ అందుకున్నాడు.

"కరెంటు పోతే మీ అందరికీ చీకటి. నాకు ఆకలొక్కటేగా," అంది ఆమె. ఇస్త్రీ ఆవిడ పగలబడి నవ్వింది.

అన్నిటి వెనక, అమ్ముడుపోని సరుకు మధ్య, పాత రకం ఇండక్షన్ స్టవ్ ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. మోటుగా ఉంటుందని ఎవరూ కొనలేదు. దానికి ముందు పక్క లావాటి నాబ్. తిప్పితే ప్రతి గీత దగ్గరా టిక్కుమంటుంది. ఆమె ఆ నాబ్ పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. తర్వాత గిన్నెలో నీళ్ళు అడిగింది. గిన్నె పెట్టగానే అడుగునుంచి సన్నగా రొద మొదలైంది. ఎత్తింది, ఆగిపోయింది. పెట్టింది, మొదలైంది. గిన్నె పక్కన అద్దం మీద చేయి వేసింది. సెగ లేదు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పెట్టింది. చుట్టూ కొనడానికి వచ్చినవాళ్ళు తమ బేరాలు మానేసి చూస్తున్నారు. ఆ ముఖంలో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు. గుడికెళ్ళినవాళ్ళ ముఖాల్లో కూడా నేను అలాంటిది చూడలేదు.

అన్న వచ్చింది అప్పుడే. పైపు కావాలని ఆమె ఆ ఉదయం వీధిలో గోతులు తవ్వేవాళ్ళకు తనే చెప్పేసిందట. అది తెలిసి ఆవేశంగా వచ్చాడు. వాటా ఎవరిదనుకున్నావు, రేపు ఏమైనా జరిగితే జనం నా ముఖాన ఉమ్మరా అని అందరి ముందూ అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

"వాటా నీదే అన్నయ్యా. అద్దె ఇస్తున్నా. ఆకలి మాత్రం నాది. దేని మీద వండుకోవాలో నేను చెబుతా. కుదరదంటే చెప్పు, ఈ నెలాఖరుకు వేరే గది చూసుకుంటా."

ఇస్త్రీ ఆవిడ, మా ఇంట్లో చోటుంది పదవే అంది. అన్న చెల్లెలి ముఖం వంక చూశాడు. ఎన్నో ఏళ్ళుగా చూడనట్టు చూశాడు. కోపమంతా జారిపోయి, అలిసిన మనిషిలా కుర్చీలో కూలబడ్డాడు.

"నీ ఇష్టమే కానీ. ఆ గ్యాసే పెట్టుకో. పైపు వద్దనను," అన్నాడు.

గెలిచిందనుకున్నాను. మంచి గ్యాస్ పొయ్యి తీసి చూపించడానికి అప్పుడే కదిలాను కూడా. ఆమె మాత్రం నాబ్ ఉన్న ఆ పాత కరెంటు పొయ్యి మీద చేయి వేసి, దీన్ని కట్టు నాయనా అంది. పైపు వద్దని తనే వెళ్ళి చెబుతానంది. ఇస్త్రీ ఆవిడ నోరు తెరిచింది.

"ఇంత రభసా చేసి, చివరికి ఆయన చెప్పిన కరెంటేనా నువ్వు తీసుకునేది?"

ఆమె నవ్వింది. అద్దం స్టవ్‌ను అన్న తన ఇంటికే పట్టుకెళ్ళాడు.

ఆ పొయ్యి బిగించడానికి వెళ్ళినప్పుడు ఒక అయస్కాంతం తీసుకెళ్ళాను. అది అంటుకోని గిన్నెలు దాని మీద పనికిరావు. గిన్నెలన్నీ ఆమే ముందేసుకుని, టక్కుమని అంటుకున్నవి ఒక పక్కకూ, జారిపోయినవి ఒక పక్కకూ పెట్టింది. జారిపోయిన వాటిలో ఆమెకు ఇష్టమైన గిన్నె ఉంది. దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని, తర్వాత పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది.

దుకాణం ఉద్యోగం నాకు అచ్చిరాలేదు. మానేసే ముందు ఆమెను చూడడానికి వెళ్ళాను. ఉల్లిపాయలు వేయిస్తోంది. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను. గ్యాస్ మీద అంత బాగా వండేవారు, దాని కోసం ఇల్లు వదలడానికి కూడా సిద్ధపడ్డారు, చేతికందాక ఎందుకు వద్దన్నారు?

ఆమె గరిటె ఆపలేదు.

"మంటంటే నాకు మొదటినుంచీ భయమే నాయనా. ఆ మాట ఒక్కసారి పైకన్నానంటే మా అన్న నా చేతిలో గరిటె ఉంచేవాడా? అందుకే భయం లేదు లేదని నెట్టుకొచ్చా. ఇప్పుడు ఈ వంట నా ఇష్టమని ఆయన నోటితోనే అన్నాడుగా. ఇక భయమేస్తే భయమని చెప్పుకోవచ్చు."