అద్దె కంప్యూటరుకి కాపలా

బెల్లం వండే కొత్త పెనం కోసం మా పొదుపు సంఘం దాచిన డబ్బుని, కంటికి కనబడని కంప్యూటరుకి నేనెలా మేపేనో చెబుతాను. మీరు నవ్వొచ్చు. ఆ రోజు మా వాళ్లెవరూ నవ్వలేదు.

బెల్లం ఆన్‌లైన్లో అమ్ముదామని మా కోడలు శ్రావణి సంఘానికి వెబ్‌సైటు మొదలుపెట్టింది. దానికోసం ఎక్కడో ఉన్న కంప్యూటర్ని అద్దెకు తీసుకుంది. ఎన్ని గంటలు నడిస్తే అన్ని గంటలకే డబ్బులట. సైటు అందరికీ తెరిచేదాకా, రోజూ నేను బెల్లం ఫొటోలు ఎక్కించడం అవగానే బటన్ నొక్కి దాన్ని ఆపెయ్యమంది. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, సొంతంగా లాగిన్ అయ్యేసరికి కలెక్టరునైపోయాననుకున్నాను.

ఆపడానికి వేలు పెట్టాను గానీ చెయ్యి రాలేదు. మా ఊళ్లో గంటల అద్దెకి తెచ్చిన చెరకు క్రషరు ఆగిందంటే చాలు, పక్కవాడు ట్రాక్టరుకి కట్టి లాక్కుపోతాడు. మళ్లీ మన వంతు వచ్చేసరికి చెరకు చీపురుపుల్లయిపోతుంది. అందుకే గడలు చేలోంచి రావడం ఆలస్యమైతే, ఖాళీ క్రషరునే తిప్పుతూ కూచుంటాం. ఇంత మంచి కంప్యూటర్ని ఆపితే పక్కూరు నక్కపల్లి వాళ్లు ఊరుకుంటారా?

సంఘం డబ్బు చూసే నూకాలమ్మ పిన్నిని సలహా అడిగాను. ఆవిడా క్రషరు ఎరిగిన మనిషే.

"ఆపకే అమ్మీ. సెరుకు లేకపోయినా తిరగనీ," అంది.

తిరిగింది. నెలాఖరుకి బిల్లొచ్చింది. శ్రావణి ఫోను వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"ఒక్క రోజూ ఆపలేదేటత్తా?"

"ఆపితే ఇంకొకలు అట్టుకుపోరా?"

"పోనీ. మళ్లీ నొక్కితే అలాటిదే ఇంకోటి వత్తాది. అద్దెకిచ్చే ఆళ్లకాడ బోల్డున్నాయి. ఇక్కడ వంతుల్లేవత్తా."

పెనం డబ్బులో సగం ఆవిరైపోయింది. సంఘం మీటింగులో అందరూ నూకాలమ్మ పిన్ని వైపు చూశారు.

"నాకేటి తెలుసు? సదువుకున్నది అది కదా," అందావిడ నన్ను చూపించి.

పోయిన సగాన్నీ అమ్మకాల్లో రాబట్టాలని తీర్మానించారు. సైటు తెరిచిన రోజు పొద్దున్నే శ్రావణి ఫోన్లో తెలిసినవాళ్లందరికీ కబురు పెట్టింది. నేను బెల్లం వండే పాకలోకి వెళ్తూ వెళ్తూ ఒక పని చక్కబెట్టి వెళ్లాను.

మధ్యాహ్నమైనా ఒక్క ఆర్డరూ రాలేదు. శ్రావణి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, సైటు తెరుసుకోట్లేదని అందరూ ఫోన్లు సేత్తన్నారు."

"ఎలా తెరుసుకుంటాది? కంప్యూటర్ని పొద్దున్నే ఆపేసేను," అన్నాను, మెచ్చుకుంటుందేమోనని ఆగి. "పైసా బిల్లు పడదు."

ఆ ఏడాదీ అతుకుల పెనంలోనే బెల్లం వండాం. ఆ అతుకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ అద్దె మిషన్నీ నేను నడపను, ఆపను. ఈ రెండూ కాకుండా ఇంకేదైనా చెయ్యగలిగితే, ముందు అదేమిటో శ్రావణిని అడుగుతాను.