ఎనిమిదో పేరు

విదిన్ పట్టణంలో పెళ్లయినా చావైనా లోజాన్ బాకా ఊదితే తప్ప కార్యం పూర్తయ్యేది కాదు. ముప్పై ఏళ్లుగా ఊరందరి ముందూ బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నా, ఆయన పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు. "బాకాను పిలవండి" అనేవారు. పాపం, ఆయనా పలికేవాడు.

ఒక పార్టీవాళ్లు ఆయన్ని పార్లమెంటు అభ్యర్థిని చేయడానికీ ఆ బాకాయే కారణం. జిల్లాకు నాలుగు సీట్లు, జాబితాలో ఎనిమిది పేర్ల దాకా ఇవ్వొచ్చు. ఏడు దొరికాయి. ఎనిమిదో చోటు ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగుండదని, తమ సభల్లో డబ్బు తీసుకోకుండా ఊదుతున్న లోజాన్ పేరు రాసేశారు. మొదటి పేరు లాయరు స్వెతోజార్ మిన్కోవ్‌ది. రాజధాని మనిషి. ఎన్నికలకు ముందు ఆయన ఈ జిల్లాలో ఆగింది కారులో పెట్రోలు పోయించుకోవడానికే. అయితేనేం? ఓట్లు పడేది పార్టీకి. ఓట్ల వాటా కొద్దీ పార్టీకి వచ్చేది ఒక్క సీటే. ఆ ఒక్కటీ జాబితాలో మొదటివాడిది. మధ్యలో జనానికి ఆయన మొహంతో పనేముంది?

కాకపోతే ప్రజల మీద ప్రేమ పొంగి, ఏలినవారు ఇంకో హక్కు కూడా ఇచ్చారు. పార్టీ అంకె మీద ఇంటూ గుర్తు పెట్టాక, పక్క వరుసలో ఆ పార్టీ మనుషుల్లో నచ్చినవాడి అంకె మీద ఇంకో ఇంటూ పెట్టొచ్చు. పార్టీకి ఓటేసినవాళ్లలో నూటికి ఏడుగురు అలా పెడితే చాలు, అడుగునున్నవాడు కూడా జాబితాలో పైకి వచ్చేస్తాడు. జాబితాలో లోజాన్‌ది ఎనిమిదో అంకె, ఆయన పార్టీ అంకె కూడా ఎనిమిదే. జనం ఎనిమిది మీద ఇంటూ పెట్టారు. పక్క వరుసలో మళ్లీ అంకెలే కనిపించేసరికి, ఇదీ అదే కాబోలనుకుని అక్కడా ఎనిమిది మీదే పెట్టి, దేశాన్ని ఉద్ధరించామని ఇళ్లకు పోయి బోటి చారు తాగారు.

లెక్క తేలేసరికి రొట్టె విరిగి నేతిలో పడింది. సీటు లోజాన్‌కు వచ్చింది.

ఆ రోజు ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. టై కట్టుకుని అద్దం ముందు నిలబడి, "నన్ను కావాలనుకున్నారే!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు టీవీవాళ్లు ఈ రెండు ఎనిమిదుల సంగతి బయటపెట్టి పడీ పడీ నవ్వారు. లోజాన్ టై విప్పి పెరట్లోకి వెళ్లాడు. భార్య పెన్కా చలికాలం కోసం ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది.

"పెన్కా, నిజం చెప్పు. నువ్వు నాకే వేశావుగా?"

"వేశానయ్యా. ఎనిమిది మీదే పెట్టాను."

"నా కోసమేనా?"

"అక్కడ నీ పేరుంటేగా? అన్నీ అంకెలే. మొదట ఎనిమిదన్నాను కదా, మళ్లీ అడిగితే మాట మారుస్తానా ఏం?"

లోజాన్‌కు నవ్వు రాలేదు.

సాయంత్రం లాయరుగారు చాక్లెట్ల డబ్బాతో, ఒక కాగితంతో దిగారు. పానకంలో పుడకను చేత్తో తీసేద్దామని.

"లోజాన్ గారూ!" అన్నారు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన పెద్దమనిషి ఈయనే. "ఏదో పొరపాటు జరిగిపోయింది. సీటు వద్దని ఇక్కడొక సంతకం పెట్టేస్తే, జాబితాలో తర్వాతి పేరు నాదే కాబట్టి, ఆ సీటు సంగతి నేను చూసుకుంటాను."

"అయితే నన్ను ఎవరూ కోరుకోలేదంటారా?"

"మనసు కష్టపెట్టుకోకండి. మీ ఇంట్లోవాళ్లనే అడగండి."

పెన్కా తల వంచుకుని మిరపకాయలు తిరగేసింది. పరాయి సొమ్ము చేతిలో ఉన్నట్టు లోజాన్‌కు సిగ్గేసింది. పెన్ను తీసుకుని కాగితం మీదికి వంగాడు. ఎందుకో ఆగాడు.

"లాయరుగారూ, మీ అంకె మీద ఎంతమంది పెట్టారు?"

"అదిప్పుడెందుకండీ?"

"చెప్పండి బాబూ, టీవీలో చెప్పారుగా," అంది పెన్కా. "ఒక బస్సు కూడా నిండదట."

లోజాన్ పెన్నుకు మూత పెట్టి, లాయరుగారి జేబులో తనే గుచ్చాడు.

"నాకు పొరపాటునే వేశారండీ, ఒప్పుకుంటాను. మరి మీకు పొరపాటున కూడా వేయలేదేం?"