డీజిల్ పైపొర

ఫిజీలోని సూవా రేవు పక్కనున్న పరిశోధనశాలలో లోసలీనిని రోజూ చూసేవాళ్ళు ఆమెను వెనుక నుంచే గుర్తుపడతారు. ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది. ఒంటిని డీజిల్ వాసన వదలదు. వేడిని రంగులుగా చూపించే కెమెరా అద్దాన్ని నడుముకు చుట్టుకున్న సులూ గుడ్డ అంచుతో తుడిచి, ఊపిరి బిగబట్టి, పళ్ళెంలోని డీజిల్ పైపొర ఎంత వేడెక్కిందో చూస్తుంది. తెచ్చుకున్న ఉడికించిన కర్రపెండలం సాయంత్రానికి డబ్బాలో అలాగే ఉంటుంది. తమ్ముడు సెమీసి పడవ ఇంజను గదిలో కాలిపోయిన నాటి నుంచీ ఇదే వరస. వాడు సిగరెట్టు కాల్చడం వల్లే మంటలు లేచాయంటారు యజమానులు. కిందికి కారిన డీజిల్‌ను పైనున్న ఇంజను పొగ గొట్టమే ఆవిరయ్యేంతగా కాచిందని, ఆ పైన చిన్న రవ్వ చాలిందని ఆమె నమ్మకం.

నిన్న అలాంటి గొట్టాన్నే పళ్ళెం పైన కట్టి వేడిచేస్తే, తెర మీద ఎరుపు పొంగింది. "చూశావురా పెనీ! వాడి తప్పేం లేదు!" అని అరిచింది. తోటి ఉద్యోగి పెని కెమెరాను పక్కకు జరిపాడు. ఎరుపు మాయమై నీలం మిగిలింది. "అక్కా, అది డీజిల్ వేడి కాదు. కాలిన గొట్టం ప్రతిబింబం డీజిల్ మీద అద్దంలోలా పడింది, అంతే."

"నాకు తెలీదట్రా? నీకు నేర్పింది నేనేగా. రేపు పడవ ప్రమాదం విచారణలో అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది."

పెని గొంతు తగ్గించాడు. "ఆ ఎర్ర బొమ్మే చూపిస్తే?"

లోసలీని కెమెరాను పాత చోటికే జరిపి, ఆ ఎరుపును మరొక్కసారి కళ్ళారా చూసుకుంది. ఆ తర్వాత బొమ్మను చెరిపేసి, తన చేత్తోనే గొట్టం వేడి ఆపేసింది.