జమ్మలమడుగుకు చేరని నీలిరంగు

కొన్నేళ్ళుగా ప్రార్థనలో ఒక పేరు దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాను. ఇరుగుపొరుగు వాళ్ళందరి పేర్లూ చెబుతాను. ఓబులేసు పేరు మాత్రం గొంతులో చిక్కుకుంటుంది. దేవునికి తెలిసిందే. మనుషుల్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

వర్గాల గొడవల రోజుల్లో బడికి పంపడానికి భయపడి నాయన నన్ను ఇంట్లోనే చదివించాడు. ఆయన తెచ్చిన పాత కంప్యూటరు మీదే పని నేర్చుకున్నాను. అలాంటి నాకు ప్రొద్దుటూరులో, డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీలో, కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం దొరికింది. అందుకు ఇప్పటికీ ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటాను. జమ్మలమడుగులో, పులివెందులలో కూడా ఆ కంపెనీకి ఆఫీసులుండేవి. ఎవరు ఏ వర్గం మనిషో తెలియని కాలం. ఒక ఊరి ఫైళ్ళు ఇంకో ఊరికి కనబడకూడదని మూడు ఆఫీసుల నెట్‌వర్కుల మధ్య గోడలు పెట్టించారు. కంటికి కనబడని గోడలు. వాటిలో ఏ దారి తెరవాలో, ఏది మూయాలో నా చేతిలో ఉండేది. ప్రొద్దుటూరు సర్వరులో నేనొక నియమం రాస్తే, పులివెందులలో నేనెన్నడూ చూడని గదిలో ఒక యంత్రం దానికి లోబడేది. ఎన్నిసార్లు జరిగినా ఒళ్ళు జలదరించేది. ప్రార్థన కూడా ఇలాగే కదా, చెప్పినవాళ్ళు ఒకచోట, జరిగేది ఇంకోచోట, అనుకునేదాన్ని.

ఎన్నికలు వచ్చాయి. జమ్మలమడుగు ఆఫీసులో ఎవరో కంప్యూటర్ల తెరల మీద తమ నాయకుడి ఫొటో పెట్టారు. అవతలి వర్గం రైతు ఒకాయన అది చూసి కౌంటరు అద్దం పగలగొట్టి వెళ్ళాడు. మేనేజరు హడలిపోయాడు. ఏ తెర మీదా ఏ బొమ్మా వద్దు, అన్నీ ఉత్త నీలిరంగు కావాలన్నాడు. సర్వరులో నియమం పెట్టాను. ప్రొద్దుటూరు నీలమైంది. పులివెందుల నీలమైంది. జమ్మలమడుగులో నాయకుడు నవ్వుతూనే ఉన్నాడు.

అక్కడి యంత్రాలు చూసుకునేది ఓబులేసు. ఏ వర్గానికీ చెందకుండా తల వంచుకుని బతికే మనిషి. ఫోన్ చేశాను.

"మిషన్లన్నీ ఆపి మళ్ళా ఆన్ చేసినావా ఓబులేసూ?"

"శానాసార్లు చేసినానక్కా. పులివెందులకు పోయిన రూలు మా ఊరికి రాలేదంటే, బస్సు దొరకలేదేమో పాపం."

"నవ్వులాట కాదప్పా. వైరు ఏమన్నా పీకినారా?"

"యాడిది ఆడనే ఉంది. నేను చేత్తో ఫొటో తీసేస్తే వీళ్ళు మళ్ళా పెడతాండారు. నేనే కావాలని రూలును ఆపినానని అనుకుంటాండారక్కా, మేనేజరు గూడా."

"నేను చూస్తాలే."

"నువ్వు చూస్తాండావు గదా. ఇంగ నాకేం భయం లేదు."

చూశానా? యంత్రాల పేర్లు సరైన గుంపులో ఉన్నాయో లేదో చూశాను. వాటి గడియారాలు సర్వరు గడియారంతో సరిపోయాయో లేదో చూశాను. మేనేజరు అడిగితే, సర్వరులో లోపం లేదు, ఉంటే జమ్మలమడుగులోనే ఉండాలి అన్నాను. గోడ వైపు చూడకుండానే ఆ మాట అన్నాను. ఎందుకు చూడలేదు? గోడ నాది కాబట్టి. నా చేతి పనిలో తప్పుంటుందన్న ఊహే రాలేదు.

మరునాడు గోడ వైపు చూశాను. అంతకుముందు జమ్మలమడుగు మిషన్లకు వైరస్ పట్టినప్పుడు, అది మిగతా ఊళ్ళకు పాకకుండా, సర్వరుకూ వాటికీ మధ్య ఫైళ్ళు వచ్చిపోయే దారి నేనే మూశాను. తెరవడం మరిచిపోయాను. నియమం వెళ్ళాల్సిందీ ఆ దారినే. తెరిచాను. కాసేపటికి అక్కడి గుమాస్తా ఫోన్ చేశాడు. ఒక్కొక్క తెరా నీలమవుతోందన్నాడు. నా వేలి కింద చిన్న గుర్తు, అంత దూరాన అంత మార్పు. భయభక్తులంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎందుకంటే ఆ గుమాస్తా ఇంకో మాట కూడా చెప్పాడు. ఓబులేసును ఆ ఉదయమే పనిలోంచి తీసేశారట.

"చూసినావా మేడం, వాడు పోతానే అంతా సరిపోయె!"

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క వాక్యం చాలు. ఇంట్లో చదివినదానికి పని ఇస్తే ఇంతే అంటారని భయపడ్డాను. అదొక్కటేనా? కాదు. దారి మూసిన చెయ్యి నాదని తెలిస్తే నన్ను కూడా ఒక వర్గంలో కలిపేస్తారని భయపడ్డాను.

నన్ను కాదు, ఓబులేసును కలిపారు. తమ నాయకుడి ఫొటో కోసం ఉద్యోగం పోగొట్టుకున్నాడని, ఆ వర్గం వాళ్ళు ఇంటికొచ్చి మరీ ఆయన మెడలో పూలదండ వేశారు. కాదంటే వినేదెవరు? దండ పడ్డాక మనిషి వాళ్ళవాడే. అవతలివాళ్ళూ అలాగే గుర్తుపెట్టుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత ప్రొద్దుటూరు బజారులో కనిపించాడు. ముందొకడు, వెనకొకడు కాపలా. ఒంటరిగా ఇల్లు దాటలేని బతుకు. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు, మేలు చేసినవాళ్ళకు జోడించినట్టు. నేనూ జోడించాను. అంతే చేశాను.

ఆయనకు ఇంకా తెలియదు. ఈ రాసింది ఆయన దాకా పోతుందో లేదో నాకూ తెలియదు. క్షమాపణ అడగడం లేదు. మీరు ఇవ్వగలిగింది కాదు అది. కానీ ఈ పొద్దున, ఇది రాయాలని కూర్చునే ముందు, మోకరించినప్పుడు పేరు గొంతు దాటింది. ఓబులేసు, జమ్మలమడుగు అన్నాను. దారి మూసింది నేనే అన్నాను.